మోకాళ్ల నొప్పులున్న అమ్మకి న్యూయార్క్ చూపించాలంటే నా ఓటు సిటీ బస్సుకే

అమ్మానాన్నలు న్యూయార్క్ వస్తున్నారనగానే అందరూ ముందు సబ్‌వే, అంటే భూగర్భ రైళ్ల మ్యాపే చేతిలో పెడతారు. సబ్‌వే గొప్పదే, కాదనను. రాత్రీ పగలూ నడుస్తుంది, ట్రాఫిక్ గొడవ ఉండదు. కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషిని వెంటబెట్టుకుని తిరిగేవాళ్ల లెక్క వేరు. 472 స్టేషన్లలో మెట్లతో పని లేకుండా ప్లాట్‌ఫామ్ దాకా వెళ్లగలిగేవి మూడో వంతు దరిదాపుల్లోనే ఉన్నాయి. నేను ఏళ్లుగా ఈ ఊళ్లోనే క్వీన్స్ అనే ప్రాంతంలో ఉంటున్నాను, వేసవి వచ్చిందంటే మావాళ్లెవరో ఒకరు దిగుతూనే ఉంటారు. ఈ ఊరి సదుపాయాలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఏదంటే, మనిషి ఎక్కడానికి బస్సు కిందికి వంగడం.

మొదటిసారి అమ్మ దాన్ని చూసింది ఫిఫ్త్ ఎవెన్యూలో, మెట్రోపాలిటన్ మ్యూజియం ఎదుట స్టాపులో. పొద్దుటి నుంచీ లోపల తిరిగి కాళ్లు లాగేస్తున్నాయి. ఆర్టీసీ బస్సు మెట్లు గుర్తొచ్చాయేమో, బస్సు వస్తుంటేనే ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో నా భుజం గట్టిగా పట్టుకుంది. డ్రైవర్ అద్దంలోంచి ఆవిడ్ని చూసింది. తలుపు తీసి ఏదో బటన్ నొక్కింది. బుస్సుమని గాలి వదులుతూ, కీక్ కీక్ మని శబ్దం చేస్తూ బస్సు ముందు భాగం కుడివైపు కిందికి దిగింది. ఫుట్‌పాత్‌కీ బస్సుకీ మధ్య ఎత్తు దాదాపు లేదు. అమ్మ నా భుజం వదిలేసి మామూలుగా లోపలికి అడుగేసింది. "ఇదేంట్రా, గుడి ఏనుగులా వంగింది!" అంది. ఆవిడ సీట్లో కూర్చునేదాకా బస్సు కదల్లేదు.

నాలుగు స్టాపులు దాటాక చక్రాల కుర్చీలో ఒకాయన ఎదురుచూస్తున్నాడు. తలుపు దగ్గరి ర్యాంపు బయటికి పరుచుకుంది. డ్రైవర్ లేచి వచ్చి, ముందున్న సీట్లు మడిచి, కుర్చీ చక్రాలకి బెల్టులు బిగించింది. అంతసేపూ బస్సులో ఒక్కరూ విసుక్కోలేదు. అమ్మ అదంతా రెప్ప వేయకుండా చూసి, "మీ పెద్దమ్మని మనం గడప దాటనివ్వలేదు కదరా" అంది. ఆ తర్వాత ఎక్కడికి బయల్దేరినా "బస్సు ఉందా?" అనేది అమ్మ మొదటి ప్రశ్న.

ఇక్కడి సిటీ బస్సులన్నిటికీ ఈ ఏర్పాటు ఉంది. అయితే ప్రతి డ్రైవరూ చూసి తనంతట తనే వంచుతారని చెప్పలేను. వంచకపోతే అడగండి, మొహమాటం వద్దు. చక్రాల కుర్చీ లేకపోయినా మెట్టు ఎక్కలేనివాళ్లు ర్యాంపు అడగవచ్చు. ఇంకో సంగతి. స్టాపులో ఎవరైనా కారు పెట్టేస్తే బస్సు ఫుట్‌పాత్ దాకా రాలేదు. అప్పుడు రోడ్డు మీదికి దిగి ఎక్కాల్సిందే, ఎంత వంగినా మనకి కలిసొచ్చేది తక్కువ.

బస్సు నెమ్మది. ముఖ్యంగా ఊరికి అడ్డంగా నడిచే రూట్లు, 42వ వీధిలో తిరిగే ఎం42 లాంటివి. రద్దీ వేళ కుర్రాళ్లు నడిచి దాని కన్నా ముందే చేరతారు. 2025 జనవరి 5 నుంచి ఊరి నడిబొడ్డు మాన్‌హాటన్‌లో 60వ వీధికి దక్షిణాన వచ్చే కార్లకి రుసుము పెట్టాక రోడ్లు కాస్త తెరిపినపడ్డాయి, అయినా టైమ్ పట్టుకుని వెళ్లాల్సిన చోటికి నేను బస్సుని నమ్ముకోను. పరేడ్ల రోజున దారి మళ్లిస్తారు. ఆగస్టులో మన ఇండియా డే పరేడ్ ఆదివారం మాడిసన్ ఎవెన్యూ బస్సులు చూసుకోవాలి. సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సమావేశాల వారమైతే మాన్‌హాటన్ తూర్పు వైపు వెళ్లకపోవడమే మంచిది.

డబ్బు విషయం. 2026 జనవరి నుంచి టికెట్ 3 డాలర్లు. రెండు గంటల్లోపు ఇంకో బస్సుకో సబ్‌వేకో మారితే మళ్లీ కట్టక్కర్లేదు. ఏడు రోజుల్లో 35 డాలర్లు దాటాక మిగతా ప్రయాణాలు ఉచితం. కానీ దానికి బస్సెక్కుతూ మిషన్‌కి చూపించే బ్యాంకు కార్డు మనిషికొకటి ఉండాలి, చివరిదాకా అదే వాడాలి. ఒకసారి ఫోను, ఒకసారి కార్డు చూపిస్తే రెండూ వేరు ఖాతాలు. ఇండియా కార్డు తెచ్చేవాళ్లు అంతర్జాతీయ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండూ బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకుని బయల్దేరండి.

పెద్దవాళ్లతో వెళ్తే ఎం4 ఎక్కండి. ఉత్తరాన క్లాయిస్టర్స్ మ్యూజియం దగ్గర మొదలై ఫిఫ్త్ ఎవెన్యూ మీదుగా కిందికి వస్తుంది. కుడివైపు కిటికీ పట్టుకోండి. సెంట్రల్ పార్కు, లైబ్రరీ ముందు రాతి సింహాలు, ఎంపైర్ స్టేట్ భవనం అన్నీ ఆ వైపే. టూరిస్టు బస్సుకి పోసే డబ్బు మిగిలిపోతుంది. ఫ్లషింగ్ గణపతి గుడికి మాత్రం నేనూ సబ్‌వే 7వ నంబరు ట్రైన్‌లోనే తీసుకెళ్తాను. అది చాలా దూరం, పైగా చివరి స్టేషన్‌లో లిఫ్టు ఉంది. గుడి కింద క్యాంటీన్‌లో దోసె తినే ఓపిక అమ్మకి మిగలాలి కదా.

రెండు రోజుల్లో ఊరంతా చుట్టేయాలని వచ్చే కుర్రకారుకి నేను బస్సు చెప్పను. చలికాలంలో స్టాపులో నిలబడటం పెద్దవాళ్లకీ కష్టమే. మావాళ్లు వచ్చేది ఎప్పుడూ వేసవిలోనే, ఉండేది నెలల తరబడి, రోజుకి ఒక్క చోటు చూస్తే వాళ్లకి చాలు. మీ పరిస్థితి కూడా అదే అయితే బస్సులోనే తిరగండి.