హోరిజాన్ వంకర పోకుండా: గ్రిడ్డా, లెవెలా, క్రాపింగా?

సముద్రం ఫొటోలో వెలుగు, రంగు, ఫోకస్ అన్నీ కుదిరినా, హోరిజాన్, అంటే నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వాలిపోయి, నీళ్లు ఒక పక్కకి ఒలికిపోతున్నట్టు కనిపిస్తే చూసేవాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది. ట్రైపాడ్ ఉంటే సరే, కెమెరా చేతిలో ఉన్నప్పుడే ఈ తంటా అంతా.

"తర్వాత ఎడిటింగ్‌లో తిప్పుకుందాంలే" అనేవాళ్లు ఎక్కువ కాబట్టి ముందు ఆ లెక్క చూద్దాం. వెడల్పు, ఎత్తు 3:2 నిష్పత్తిలో ఉన్న ఫొటోని తిప్పితే మూలల్లో ఖాళీలు వస్తాయి, వాటిని కోసేయాలి. అదే నిష్పత్తిలో ఉంచాలంటే 1 డిగ్రీకి దాదాపు 5 శాతం పిక్సెళ్లు పోతాయి. 3 డిగ్రీలకి 14 శాతం, 5 డిగ్రీలకి 21 శాతం. అంటే 24 మెగాపిక్సెళ్ల ఫొటో కాస్తా 19కి దిగుతుంది. పిక్సెళ్లు పోతే పోనీ అనుకున్నా, అంచు దగ్గర జాగ్రత్తగా ఇమిడ్చిన చెట్టుకొమ్మో, మనిషి మోచెయ్యో కూడా వాటితోపాటే పోతుంది. పోనీ 1 డిగ్రీ వంకరని అలాగే వదిలేద్దామా అంటే, 6000 పిక్సెళ్ల వెడల్పులో ఈ చివరికీ ఆ చివరికీ 105 పిక్సెళ్ల తేడా. ఖాళీ సముద్రం మీద అది తెలియకుండా ఉండదు. క్రాపింగ్‌ని నమ్ముకునేటట్టయితే తీసేటప్పుడే ఫ్రేమ్ కొంచెం వదులుగా పెట్టుకోవాలి.

హాట్ షూ మీద, అంటే కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే చోట బిగించే చిన్న రసమట్టం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కన్ను వ్యూఫైండర్‌కి ఆనించాక ఆ బుడగ కనిపించదు. ట్రైపాడ్ మీద మంచిదే, చేతిలో దండగ.

అసలు పోటీ గ్రిడ్‌కీ (తెర మీద కనిపించే అడ్డ, నిలువు గీతలు) ఎలక్ట్రానిక్ లెవెల్‌కీ (కెమెరా ఎంత ఒరిగిందో తెర మీద గీతతో చూపించేది) మధ్యే. నిజమైన హోరిజాన్ కనిపిస్తున్నంతసేపు నా ఓటు గ్రిడ్‌కే. అడ్డగీత పక్కన సముద్రపు గీత పెట్టి చూస్తే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది, ఏ సెన్సార్ కోసమూ ఆగక్కర్లేదు. కాకపోతే మనం చూసేది సబ్జెక్ట్‌ని, గీతని కాదు. అందుకే బటన్ నొక్కే ముందు హోరిజాన్ రెండు చివరలూ అంచుల దగ్గర ఒకే ఎత్తులో ఉన్నాయా అని ఒక్కసారి చూసుకోవాలి. వైడ్ లెన్స్‌తో హోరిజాన్ పైకో కిందికో పెడితే విల్లులా వంగొచ్చు. అప్పుడూ ఈ చివరల లెక్కే పనికొస్తుంది. ఇంత చూసుకున్నా నొక్కే క్షణంలో పట్టు తప్పుతుంది. చూపుడువేలి బరువుకి కెమెరా కుడివైపు కిందికి ఒరిగి, ఫొటోలో హోరిజాన్ కుడి చివర పైకి లేస్తుంది. మీ ఫొటోలన్నీ ఒకే వైపు వంకరగా వస్తున్నాయంటే ముందు ఈ వేలినే అనుమానించండి. గట్టిగా గుచ్చకుండా మెల్లగా నొక్కితే, ఎడమచేత్తో లెన్స్‌ని కింద నుంచి పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది.

గ్రిడ్ మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. చెరువు అవతలి గట్టు మనకి ఏటవాలుగా దూరం పోతుంటే, కెమెరా సమంగా ఉన్నా ఆ గట్టు వాలినట్టే పడుతుంది. దాన్ని గీతకి సరిపెట్టామా, నీళ్లలో నీడలతో సహా అంతా ఒరుగుతుంది. కొండవాలు, పొగమంచు, అడవి లాంటి చోట్ల కంటికి ఆధారమే దొరకదు. అక్కడ లెవెల్‌ని నమ్మాల్సిందే. అది భూమ్యాకర్షణని బట్టి చెబుతుంది కాబట్టి ఎదురుగా ఏముందో దానికి అనవసరం. లెవెల్ లేకపోతే ఫ్రేమ్ మధ్యలో ఉన్న నిలువు స్తంభమో గోడ అంచో చూసుకోవాలి. అంచుల్లోవి పనికిరావు, కెమెరా పైకెత్తితే అవి లోపలికి వాలిపోతాయి.

లెవెల్ బలహీనత కదలికలో ఉంది. పడవ ఊగుతున్నా, బస్సు మలుపు తిరుగుతున్నా ఆ కుదుపునీ ఆకర్షణనీ అది వేరు చేసుకోలేక తప్పు చూపిస్తుంది. పడవలో నుంచి కెమెరాని కాదు, కనిపించే నీటి గీతనే నమ్మండి. ఇంకో ఇబ్బంది, గీత ఆకుపచ్చగా మారేదాకా చెయ్యి సర్దుకుంటూ కూర్చుంటే ఎగిరిన అల కాస్తా పడిపోతుంది.

ఈ గొడవేమీ లేకుండా, లోపల ఫొటోని పట్టే సెన్సార్‌నే తిప్పి సరిచేసే కెమెరాలూ ఉన్నాయి. 2009లో పెంటాక్స్ కె-7 ఇది చేసింది, 2022లో కానన్ ఈఓఎస్ ఆర్7లో కూడా వచ్చింది. ఇవి సరిచేసేది చిన్న వంకరలే. పైగా చేతి వణుకుని ఆపేదీ ఆ సెన్సార్ కదలికే కాబట్టి, ఉన్న కొద్ది చోటునీ రెండు పనులూ పంచుకోవాలి. పట్టు కుదిరినవాళ్లకి మిగిలిన కొసరు వంకర తీయడానికి బాగుంటుంది. బొత్తిగా ఒరిగిన కెమెరాని అది నిలబెట్టలేదు.

కొత్త కెమెరా లెవెల్‌ని నమ్మే ముందు ఒక పరీక్ష పెట్టండి. కదలని నేల మీద నిలబడి, సముద్రపు గీతని ఫ్రేమ్ మధ్యలో గ్రిడ్‌కి సరిపెట్టి, లెవెల్ ఏమంటుందో చూడండి. రెండూ కలవకపోతే మెనూలో క్యాలిబ్రేషన్ (లెవెల్‌ని మళ్లీ సరిచేసుకునే సెట్టింగ్) ఉందేమో వెతకండి. అది లేకపోతే లెవెల్ ఎటు, ఎంత తప్పు చూపిస్తోందో గుర్తుపెట్టుకుని వాడుకోవచ్చు.