సైజర్ ఆల్మ్ మీద మజ్జిగ, కింద ఊళ్ళో తాలింపుకి 120 యూరోలు

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఈ నాలుగు ముక్కలూ నాచేత రాయిస్తున్నది అదే కాబట్టి. ఇటలీ ఉత్తరపు కొసన, డోలమైట్ కొండల్లో, సైజర్ ఆల్మ్ అనే పచ్చిక మైదానం చూడ్డానికని దాని కిందున్న సైజ్ అనే ఊళ్ళో నాలుగు రాత్రులకి ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. రాత్రికి 165 యూరోలు, చివర్లో శుభ్రం చేసినందుకు 70, ఇవి కాక తలకింతని ఊరి పన్ను. తాళం చేతికి ఇవ్వకముందే 200 యూరోల డిపాజిట్, అదీ నోట్లే కావాలంది. ఖాళీ చేసే రోజున ఇంటావిడ మా చేతిలో నాలుగు ఇరవై నోట్లు పెట్టింది. మిగతా 120 ఏవని అడిగితే, వాసన అంది.

మా అత్తయ్య పెట్టిన పప్పు తాలింపు వాసన.

ఆ ఇల్లు ఎంచుకున్నదే వంటిల్లు ఉందని. అత్తయ్య గుడ్డు కూడా ముట్టుకోదు. ఆ కొండల్లో దాదాపు ప్రతి వంటలోనూ స్పెక్ అని పొగబెట్టిన పంది మాంసం పడుతుంది. బార్లీ సూపులో ఉంటుంది, రొట్టె ఉండల్లో ఉంటుంది, ఆఖరికి క్యాబేజీ సలాడ్ మీద కూడా చల్లి ఇస్తారు. పాలకూర ఉండలు ఉన్నాయి కదా అనుకుంటే వాటిలో గుడ్డు. పాలకూర కూరిన అర్ధచంద్రాల పాస్తా ఒకటి ఎంతో బాగుంటుంది, దాని పిండిలోనూ గుడ్డే. రెండు రోజులు ఆవిడ రొట్టె, వెన్న, యాపిల్ పళ్ళతోనే గడిపింది. ఒక్కసారి కూడా ఇబ్బందిగా ఉందని అనలేదు. మూడో రోజు రాత్రి వర్షం పట్టుకుంది. ఇంట్లోనే ఉండిపోయి, తెచ్చుకున్న కందిపప్పులో ఊళ్ళో కొన్న టమాటాలు వేసి ఉడికించాం. చిన్న గిన్నెలో నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిర్చి, చిటికెడు ఇంగువ. కిటికీలు రెండూ తీసే ఉంచాం. ఆ రాత్రి నలుగురం గిన్నె అడుగు గీరుకుని తిన్నాం.

ఫ్రిజ్ మీద ఇంటి నియమాలు జర్మన్‌లో, ఇటాలియన్‌లో అంటించి ఉన్నాయి. చెత్త ఎలా వేరు చేయాలో, బూట్లు ఎక్కడ విప్పాలో, రాత్రి 10 తర్వాత చప్పుడు చేయకూడదని రాశారు. వంట గురించి ఒక్క ముక్క లేదు. అయినా చివరి రోజు పొద్దున ఇంటావిడ వచ్చి గదులన్నీ తిరిగి, హాల్లో తెల్ల కర్టెన్ మడత ఒకటి చేత్తో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండోసారి మళ్ళీ పెట్టుకుంది. తర్వాత ఆ మడతను అత్తయ్య ముఖం ముందుకి చాపింది. అత్తయ్యకి భాష రాదు, కానీ అక్కడ భాషతో పనేముంది? కర్టెన్లు డ్రైక్లీనింగ్‌కి ఇవ్వాలట, సోఫా కవర్లూ ఇవ్వాలట. మా ఆయన రసీదు అడిగారు. లేదు. ఎక్కడ రాసుందో చూపించమన్నారు. చూపించలేదు. బస్సుకి పన్నెండు నిమిషాలే ఉంది, పెట్టెలు మెట్ల మీద ఉన్నాయి, పాప ఏడుపు ముఖం పెట్టింది. వదిలేసి వచ్చాం.

బస్టాపులో అత్తయ్య అన్న మాట, "నావల్లే కదమ్మా, ఆ ఇంగువ వేయకుండా ఉండాల్సింది." నాకు 120 యూరోల కంటే ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది. ఇప్పటికీ పెడుతోంది.

కాబట్టి అటు వెళ్ళేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేదొకటే. అపార్ట్‌మెంట్ తీసుకునే ముందు, మసాలా వంట చేసుకోవచ్చా అని రాతపూర్వకంగా అడగండి, జవాబు దాచుకోండి. డిపాజిట్ నోట్లలో అడిగితే ఆ ఇల్లు వద్దు. తప్పక ఇవ్వాల్సి వస్తే తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. ఖాళీ చేసే రోజు ఇంటావిడని కనీసం గంట ముందు రమ్మనండి. బస్సు టైము దగ్గర పడ్డాక ఎవరూ గొడవ పెట్టుకోలేరు, అది వాళ్ళకీ తెలుసు.

ఇక అసలు చోటు. సైజర్ ఆల్మ్ అని జర్మన్‌లో, ఆల్పె ది సియూసి అని ఇటాలియన్‌లో. సుమారు 56 చదరపు కిలోమీటర్ల పచ్చిక మైదానం, కొండల నెత్తిన పరుపు పరిచినట్టు ఉంటుంది. ఎత్తైన ఆల్పైన్ పచ్చిక మైదానాల్లో యూరప్‌లో ఇదే పెద్దది. ఒక పక్క ష్లెర్న్ కొండ గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది, ఇంకో పక్క లాంగ్‌కోఫెల్ 3,181 మీటర్ల రాతి శిఖరం. చుట్టూ కింద లోయల్లో ఊళ్ళు. ఇక్కడ ప్రతి ఊరికీ రెండు పేర్లు, కొన్నిటికి మూడు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఇదంతా ఆస్ట్రియా-హంగరీలో ఉండేది, తర్వాత ఇటలీకి వచ్చింది. అందుకే జనం ఇంట్లో జర్మన్ మాట్లాడతారు. ఒర్టిసే వైపు లోయలో లాడిన్ అని వేరే పాత భాష కూడా ఉంది. బస్సు దిగాల్సిన ఊరి పేరు రెండు భాషల్లోనూ రాసి పెట్టుకోండి. మేము కింద పట్నం బోల్జానోలో బస్సెక్కినప్పుడు మా ఆయన ఒక పేరు చెబితే డ్రైవరు ఇంకో పేరు చెప్పాడు, రెండూ ఒక ఊరే అని తేలేసరికి వెనక క్యూ పెరిగిపోయింది.

బోల్జానో నుంచి 170 నంబరు బస్సు ఫెల్స్, సైజ్, కాస్టెల్‌రూట్ మీదుగా ఒర్టిసే దాకా వెళుతుంది. కారు అవసరం లేదు. నిజానికి కారు ఉంటేనే తలనొప్పి. 2003లో సైజ్ నుంచి కేబుల్ కారు వచ్చినప్పటి నుంచీ ఆల్మ్ మీదకి వెళ్ళే రోడ్డుని పగలు 9 నుంచి 5 దాకా సొంత కార్లకి మూసేస్తున్నారు. పైన బస ఉన్నవాళ్ళకి మాత్రం వేరే అనుమతి. మేము దిగిన ఇంట్లో గెస్ట్ పాస్ ఇచ్చారు, బస్సులకీ లోకల్ రైళ్ళకీ అది చాలు. ఆ ఒక్క విషయంలో ఆవిడని తప్పు పట్టను. కేబుల్ కారుకి మాత్రం టికెట్ వేరే, రానూ పోనూ పెద్దవాళ్ళకి తలకి 30 యూరోలకి అటూ ఇటూ.

మొదటిసారి పైకి వెళ్ళినప్పుడు నాకు నచ్చలేదు. పదిన్నరకి, సైజ్ కేబుల్ కారు పైన ఆగే కోంపాచ్‌లో దిగాం. హోటళ్ళు, దుకాణాలు, గుర్రబ్బళ్ళ కోసం క్యూ, సైకిళ్ళ గంటలు. తెల్ల జూలున్న బంగారు రంగు హాఫ్లింగర్ గుర్రాలని చూసి పాప మురిసిపోయింది, మేము మాత్రం ఏదో జాతరలోకి వచ్చినట్టు నిలబడ్డాం. ఒకాయన ఫోటో కోసం గడ్డిలోకి దిగితే, ట్రాక్టర్ మీదున్న రైతు ఆపి మరీ కేకలేశాడు. రైతుదే న్యాయం. మనకి పువ్వులుగా కనపడేది వాళ్ళ పశువులకి చలికాలపు మేత, తొక్కితే కోతకి లేవదు. దారి వదిలి దిగకండి.

రెండో రోజు ఊళ్ళు. కాస్టెల్‌రూట్‌లో గోడల మీద బొమ్మలు వేసిన ఇళ్ళు, 82 మీటర్ల గంట గోపురం. దాని కింద బెంచీ మీద కూర్చున్నప్పుడు గంటలు మొదలైతే గుండెల్లో మోగుతుంది. ఫెల్స్‌లో ఎండుగడ్డి స్నానం చేయిస్తారు, అంటే తడిపిన గడ్డిలో ఒళ్ళంతా చుట్టి పడుకోబెడతారు, అది పుట్టిందే అక్కడ. అత్తయ్య మోకాళ్ళకి మంచిదేమో అని అడిగాను గానీ ఆవిడ ఒప్పుకోలేదు. ఒర్టిసే పెద్ద ఊరు, ఖరీదైన ఊరు, చెక్క శిల్పాలకి పేరు. అరచేతిలో పట్టే చెక్క గొర్రెపిల్ల 24 యూరోలు. పాప కోసం కొన్నాం. మధ్యాహ్నం భోజనంలో కూర్చున్నందుకు తలకి 2.50, నీళ్ళ సీసాకి 4.80 పడింది. కుళాయి నీళ్ళు కావాలని ముందే అడగండి, జర్మన్‌లో లైటుంగ్స్‌వాసర్ అంటారు.

ఒర్టిసే నుంచి కూడా ఆల్మ్ మీదకి వేరే కేబుల్ కారు ఉంది. నన్నడిగితే అటునుంచే ఎక్కాలి. పైన దిగగానే లాంగ్‌కోఫెల్ ఎదురుగా నిలబడి, దాని కాళ్ళ దగ్గర నుంచి మైదానమంతా ఒక్కసారి పరుచుకుంటుంది. అక్కణ్ణుంచి మెల్లగా నడుచుకుంటూ కోంపాచ్‌కి వచ్చి సైజ్ వైపు దిగితే సరి. మాకు ఇది ఆలస్యంగా తెలిసింది.

అయిదో రాత్రి పైనే, సాల్ట్రియా దగ్గర ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో. రాత్రి భోజనం, పొద్దున టిఫినుతో కలిపి పెద్దవాళ్ళకి 115, పాపకి 60, మొత్తం 405. బుక్ చేసినప్పుడు ఇంత డబ్బా అని మేమిద్దరం పోట్లాడుకున్నాం. డిపాజిట్ గొడవ అయిన ఆ పొద్దునే ఈ 405 గుర్తొచ్చి మా ఆయన ముఖం ఇంకా ముడుచుకుపోయింది. 11 నంబరు బస్సులో కోంపాచ్ నుంచి సాల్ట్రియా దాకా ఎవరం ఒక్క మాట మాట్లాడలేదు.

పెట్టెలు పడేసి, అక్కడ ఉండలేక నడవడానికి బయల్దేరాం. అరగంట నడిస్తే ఒక గుడిసె హోటలు. బయట నాలుగు బల్లలు, వెనక ఆవుల కొట్టం. నడిపే ఆవిడ వయసు అత్తయ్య వయసే ఉంటుంది, నీలం ఏప్రన్, చేతులు మోచేతుల దాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నా దగ్గరున్న కాగితం చూపించాను. కైన్ ఫ్లైష్, కైన్ ఫిష్, కైన్ ఐ. మాంసం, చేప, గుడ్డు వద్దని. అన్ని హోటళ్ళలోనూ ఆ కాగితం చూసి తల అడ్డంగా ఊపారు. ఈవిడ చదివి, అత్తయ్యని ఒకసారి చూసి, మెనూ కార్డు నా చేతిలోంచి తీసేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి పళ్ళెం నిండా పొలెంటా తెచ్చింది. మొక్కజొన్న రవ్వని నీళ్ళలో ఉడికించి వెన్న వేసి గట్టిగా కలిపిన ముద్ద. అచ్చం మన సంకటి. పక్కన వెన్నలో వేయించిన పుట్టగొడుగులు. 11.50 యూరోలు. ఇంకో చేత్తో పొడుగాటి గ్లాసు తెచ్చి అత్తయ్య ముందు పెట్టింది. బుట్టర్‌మిల్ష్ అంది. అత్తయ్య ఒక గుక్క తాగి నా వైపు తిరిగి, "అమ్మాయ్, మజ్జిగే!" అంది. అయిదు రోజుల్లో ఆ గొంతులో అంత సంతోషం నేను వినలేదు. వెన్న తీశాక మిగిలిన మజ్జిగ, పైన ఆవగింజంత వెన్న పలుకులు తేలుతూ ఉన్నాయి. గ్లాసు 3 యూరోలు.

అత్తయ్య స్పూను పక్కన పెట్టేసింది. సంకటి ముద్ద మధ్యలో గుంట చేసి మజ్జిగ పోసుకుని, చేత్తో కలిపి, సంచీలోంచి మాగాయ సీసా తీసింది. నాకు గుండె ఝల్లుమంది, మళ్ళీ వాసన గొడవ వస్తుందేమోనని. హోటలావిడ రానే వచ్చింది. సీసా తీసుకుని వాసన చూసింది. మా ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆవిడ ఒక చిన్న ముక్క రొట్టె మీద పెట్టుకుని తిని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా దగ్గి, ఇంకో ముక్క తీసుకుంది.

తర్వాత అత్తయ్య చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. వెన్నకి పువ్వు ముద్ర వేసే చెక్క అచ్చు చూపించింది. అత్తయ్య రెండు చేతులూ ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కవ్వం ఎలా తిప్పుతారో చేసి చూపించింది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకున్నారు. మేము లేచే వేళకి అత్తయ్య సీసాలో సగం మాగాయ ఆవిడ గిన్నెలోకి వెళ్ళింది, మా నీళ్ళ సీసా నిండా మజ్జిగ వచ్చింది. దానికి డబ్బులిస్తే తీసుకోలేదు.

సాయంత్రం కేబుల్ కారు ఆగాక జనం దిగిపోయారు. మెడగంటల చప్పుడు తప్ప ఏమీ లేదు. తొమ్మిది కావస్తుండగా లాంగ్‌కోఫెల్ రాళ్ళు ముందు పసుపు, తర్వాత ఎరుపు, చివరికి గులాబీ రంగు తిరిగాయి. లావురిన్ అనే మరుగుజ్జు రాజు కథ ఉందక్కడ. తన గులాబీ తోటే తనని పట్టిచ్చిందన్న కోపంతో, అది పగలూ కనపడకూడదు, రాత్రీ కనపడకూడదు అని శపించాడట. సంధ్యవేళ సంగతి మర్చిపోయాడు. పాప ఆ కథ మూడుసార్లు చెప్పించుకుంది. మా ఆయన బాల్కనీ కటకటాలకి ఆనుకుని, "రెండు రాత్రులు ఇక్కడే తీసుకోవాల్సింది" అన్నారు. నా మాటా అదే. కింద నాలుగు రాత్రులు దండగ. పగలు ఎక్కి పగలు దిగిపోయేవాళ్ళకి ఈ ఆల్మ్ కనపడదు. ఖర్చయినా ఒక్క రాత్రి పైన ఉండండి, కింద బస తగ్గించుకోండి.

మజ్జిగ సీసా రాత్రంతా కిటికీ గట్టు మీద ఉంచాం. సుమారు 1,700 మీటర్ల ఎత్తు, జులైలో కూడా చలే. పొద్దున బస్సెక్కి బోల్జానో స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నప్పుడు అత్తయ్య సీసా మూత తీసి, ముందు మా ఆయనకి ఇచ్చింది. ఇంకా చల్లగానే ఉంది.