పాత టీవీ సీరియల్: డీవీడీ చాలా, బ్లూరే కొనాలా?

ఇంట్లో డీవీడీ సెట్టు ఉంది. అదే సీరియల్ ఇప్పుడు డీవీడీ కంటే ఎక్కువ వివరం పట్టే బ్లూరే డిస్కులో దొరుకుతోంది. మళ్లీ డబ్బు పెట్టాలా? నల్లగొండలో, పాలమూరులో కూడా ఈ ప్రశ్న నిజంగా అడిగేవాళ్లున్నారు. అమెరికాలో పిల్లలో తమ్ముళ్లో ఉన్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. వాళ్లు సెలవులకు బయలుదేరే ముందు "అక్కణ్నుంచి ఏం తేవాలె?" అని ఫోన్ చేస్తారు. ఈ తేడా తెలిసి జవాబు చెప్తే డబ్బు వృథా కాదు.

నా మాట ముందే చెప్తాను. డబ్బా మీద బ్లూరే అని ఉన్నంత మాత్రాన కొనొద్దు. ఆ సీరియల్‌ను ఫిల్ము మీద తీశారా, వీడియో టేపు మీద తీశారా అన్నదే అసలు సంగతి. ఫిల్ము మీద తీసి, ఆ ఫిల్మును ఈ మధ్య మళ్లీ స్కాన్ చేసి ఉంటే బ్లూరేకు పెట్టిన ప్రతి రూపాయికీ విలువ ఉంటుంది. టేపు మీద తీసినదైతే ఉన్న డీవీడీనే జాగ్రత్తగా దాచుకోండి.

ఎందుకో చూద్దాం. మన దేశపు పద్ధతి డీవీడీలో బొమ్మ అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలతో ఉంటుంది. అమెరికా డీవీడీలో నిలువుగా 480 చుక్కలే. బ్లూరేలో 1920, 1080. లెక్కేస్తే మన డీవీడీ కంటే సరిగ్గా ఐదు రెట్లు, అమెరికా డీవీడీ కంటే ఆరు రెట్లు. అయితే ఇది డిస్కులో ఎంత పడుతుందన్న లెక్క మాత్రమే. అందులో పోయడానికి అసలు సరుకు ఉండాలి కదా. పాత వీడియో టేపులో ఉన్న వివరమే డీవీడీ పట్టేంత. పలచటి పాలను పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడవు. సినిమాలు తీసే 35 ఎంఎం ఫిల్ములో అయితే బ్లూరేను నింపి ఇంకా మిగిలేంత వివరం ఉంటుంది. అందుకే 1960లో తీసిన నలుపు తెలుపు సీరియల్ 1995లో తీసిన రంగుల సీరియల్ కంటే స్పష్టంగా కనబడొచ్చు. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు.

దీనికి 'ది ట్విలైట్ జోన్' కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. 1959 నుంచి 1964 దాకా అమెరికాలో వచ్చిన సీరియల్ అది. దాదాపు అంతా 35 ఎంఎం ఫిల్ము మీదే తీశారు. రెండో సీజన్‌లో మాత్రం ఖర్చు తగ్గించుకోవాలని ఆరు ఎపిసోడ్లను వీడియో టేపు మీద తీశారు. బ్లూరే సెట్టులో ఇవి పక్కపక్కనే ఉంటాయి. ఫిల్ము ఎపిసోడ్‌లో నుదుటి మీద చెమట, కోటు బట్ట నేత, వెనక గోడకున్న పగులు కనబడతాయి. టేపు ఎపిసోడ్‌కు వచ్చేసరికి మొహాలు మెత్తబడి, లైటు పడిన చోటల్లా తెల్లగా అలుక్కుపోతుంది. డబ్బా ఒకటే, ధర ఒకటే, డిస్కూ ఒకటే. ఆ ఆరింటి కోసమైతే బ్లూరే అక్కర్లేదు. మిగతా అన్నిటి కోసం తప్పకుండా కొనాలి.

బ్రిటిష్ సీరియళ్ల సంగతి ఇంకో రకం. డెబ్బైలలో, ఎనభైలలో అక్కడ స్టూడియో లోపలి సీన్లను వీడియో టేపు మీద, బయటి సీన్లను దానికంటే సన్నటి 16 ఎంఎం ఫిల్ము మీద తీయడం మామూలు. 'ఫాల్టీ టవర్స్' అలాంటిదే. హోటల్ లోపల ఒక రకం బొమ్మ, తలుపు తీసుకుని బయటికి రాగానే ఇంకో రకం బొమ్మ. దీన్ని గుర్తుపట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. మనిషి కదలిక మరీ నున్నగా, టీవీలో వార్తలు చదువుతున్నట్టు ఉంటే అది టేపు. కాస్త గరుకుగా, సినిమాలా ఉంటే ఫిల్ము. మీ దగ్గరున్న డీవీడీ పెట్టి పది నిమిషాలు ఇలా చూస్తే చాలు, సగం నిర్ణయం అయిపోతుంది.

'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ సీరియల్ పాత కథలు కూడా చాలావరకు టేపువే. 1970లో వచ్చిన 'స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్' మాత్రం వేరు. బీబీసీ స్టూడియోల్లో సమ్మె రావడంతో కథ మొత్తం బయటే 16 ఎంఎం మీద తీయాల్సి వచ్చింది. అప్పటి ఆ ఇబ్బంది వల్లే 2013లో దానికి నిజమైన హెచ్‌డీ బ్లూరే వచ్చింది. మిగతావి బ్లూరే సెట్టులుగా వచ్చినా టేపు భాగాలు పెద్దది చేసిన పాత బొమ్మే. రంగులు సరిచేశారు, అదనపు విశేషాలు చాలా ఉన్నాయి. ఆ సీరియల్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు కొనుక్కోవచ్చు. స్పష్టత కోసమైతే వద్దు.

ఫిల్ము మీద తీస్తే చాలు, పని అయిపోయినట్టేనా? కాదు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఎనభైల చివర్లో అమెరికాలో చాలా సీరియళ్లను 35 ఎంఎం మీద తీసినా, ఎడిటింగ్, గ్రాఫిక్స్ అంతా టేపు మీద చేశారు. పూర్తయిన ఎపిసోడ్ అనేది టేపులోనే ఉంది. 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' (1987–1994) అలాంటిదే. దాన్ని బ్లూరేకు తేవాలంటే దాచిపెట్టిన అసలు ఫిల్ము చుట్టలు వెతికి తీసి, స్కాన్ చేసి, పాత ఎపిసోడ్‌ను చూస్తూ ఒక్కో షాట్‌ను మళ్లీ కత్తిరించి అతికించారు. అంతరిక్ష నౌకల దృశ్యాల్లో విడివిడిగా తీసిన పొరలను మళ్లీ కలిపారు. 2012లో మొదటి సీజన్ వచ్చింది, 2014కల్లా ఏడు సీజన్లూ పూర్తయ్యాయి. డీవీడీలో నౌక మీది కిటికీలు మసక చుక్కలు. బ్లూరేలో ఒక్కో కిటికీ విడిగా కనబడుతుంది. నేను చూసిన పాత టీవీ బ్లూరేల్లో ఇంత శ్రద్ధగా చేసినది ఇంకొకటి లేదు. దీని తర్వాత వచ్చిన 'డీప్ స్పేస్ నైన్', 'వాయేజర్' సీరియళ్లకు మాత్రం ఆ పని జరగలేదు. వాటికి డీవీడీయే దిక్కు.

ఇక కొత్త ఎడిషన్‌లో కొన్ని పోతాయి కూడా. పాత టీవీ దాదాపు చదరంగా, 4:3 కొలతలో ఉండేది. ఇప్పటి టీవీ వెడల్పుగా, 16:9లో ఉంటుంది. బ్లూరేకు మార్చేటప్పుడు కొందరు పాత కొలతే ఉంచుతారు, 'నెక్స్ట్ జనరేషన్' అలాగే ఉంది. కొందరు టీవీ నిండేలా వెడల్పు చేస్తారు. 'ఫ్రెండ్స్', 'ది ఎక్స్ ఫైల్స్', 'ది వైర్' అలా వచ్చాయి. వెడల్పు చేస్తే కొన్ని షాట్లలో పక్కల ఎక్కువ కనబడుతుంది, కొన్నింట్లో పైనా కిందా తెగిపోతుంది. కెమెరామన్ ఆ చదరంలో ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఆలోచించి తీసిన షాట్ అది. నాకు పాత కొలతే ఇష్టం, టీవీకి రెండు వైపులా నల్లటి ఖాళీ ఉన్నా సరే.

'ఫ్రెండ్స్' విషయంలో ఇంకో మెలిక ఉంది. 2012 బ్లూరేలో టీవీలో ప్రసారమైన నిడివే ఉంది. పాత డీవీడీల్లో చాలా ఎపిసోడ్లకు అదనపు సీన్లు, జోకులు కలిపి ఉన్నాయి. బొమ్మ కావాలంటే బ్లూరే, ఆ జోకులు కావాలంటే డీవీడీ. అందుకే బ్లూరే కొన్నా పాత డీవీడీ ఎవరికీ ఇచ్చేయవద్దని చెప్తాను.

వినేదాంట్లోనూ తేడా ఉంది. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. మన పద్ధతి డీవీడీ సెకనుకు 25 ఫ్రేములు చూపిస్తుంది. అంటే ఫిల్ము మీద తీసిన అమెరికా సీరియల్ మన డీవీడీలో నాలుగు శాతం వేగంగా నడుస్తుంది. 50 నిమిషాల ఎపిసోడ్ 48 నిమిషాలకే అయిపోతుంది. సరిచేయకపోతే గొంతులు కూడా కాస్త సన్నగా వినబడతాయి. బ్లూరేలో 24 ఫ్రేములే ఉంచొచ్చు కాబట్టి గొంతు సరిగ్గా ఉంటుంది.

మన ఇళ్లలో ఇంతకంటే పనికొచ్చేది సబ్‌టైటిల్స్. అమెరికా, బ్రిటన్ యాస చెవికి అందక కింద అక్షరాలు చదువుతూ చూసేవాళ్లం మనం. డీవీడీలో ఆ అక్షరాలు అంచులు విరిగి, పెద్ద టీవీలో పళ్లు పళ్లుగా కనబడతాయి. బ్లూరేలో పుస్తకంలో అచ్చు వేసినట్టుంటాయి. కంటి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క కారణం చాలు. తెలుగు సబ్‌టైటిల్స్ మాత్రం ఏ డిస్కులోనూ ఆశించవద్దు.

ఇంతా చెప్పాక టీవీ సైజు, కూర్చునే దూరం సంగతి. 32 అంగుళాల టీవీ గోడకు ఉండి, మీరు పది అడుగుల అవతల దివాన్ మీద కూర్చుని చూస్తే మంచి డీవీడీకీ బ్లూరేకూ తేడా కంటికి దాదాపు అందదు. 55 అంగుళాల టీవీని ఏడెనిమిది అడుగుల నుంచి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. చిన్న టీవీ ఉన్నవాళ్లు డిస్కుల కోసం తొందరపడొద్దు.

డిస్కుల కంటే ముందు మార్చాల్సింది ప్లేయర్. బ్లూరే ప్లేయర్‌లో డీవీడీలు కూడా నడుస్తాయి. ఇప్పటికీ చాలా ఇళ్లలో పాత ప్లేయర్ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లే టీవీలోకి వెళ్తున్నాయి. వాటి బదులు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ప్లేయర్ పెడితే అదే డీవీడీ కొత్తగా కనబడుతుంది. దాంతోపాటు టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాత 4:3 బొమ్మను సాగదీయకుండా ఆపండి. మొహాలు గుండ్రంగా, మనుషులు పొట్టిగా కనబడితే అది డీవీడీ లోపం కాదు, టీవీ సాగదీస్తోంది. ఇవి చేశాక కూడా తృప్తి లేకపోతే అప్పుడు బ్లూరే గురించి ఆలోచించండి.

మన జిల్లాల్లో చాలా ఇళ్లలో ఉన్నవి ఒరిజినల్ డీవీడీలు కావు. డిస్కును వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి. వెండిలా మెరిస్తే ఫ్యాక్టరీలో అచ్చు వేసినది. ఊదా రంగు ఛాయ ఉంటే ఎవరో కంప్యూటర్‌లో రాసిన కాపీ. అందులో రసాయన రంగు పొర ఉంటుంది, ఎండకూ వేడికీ అది చెడిపోతుంది. మేలో 44, 45 డిగ్రీలు కాసే మన ఊళ్లలో, రేకుల గదిలో అటక మీద పెట్టిన కాపీ డిస్కులు ఎంతకాలం నిలుస్తాయి? పైగా 4.7 జీబీ డిస్కులో ఎనిమిది గంటల సీరియల్ కుక్కి ఉంటారు. కదిలే ప్రతి బొమ్మా గళ్లు గళ్లుగా విరుగుతుంది. ఇలాంటివి ఉన్నవాళ్లకు బ్లూరే దాకా ఎందుకు, ఒరిజినల్ డీవీడీ కొన్నా తేడా తెలిసిపోతుంది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ ఒరిజినల్ డీవీడీని 34 రూపాయలకే అమ్మింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, కానీ అప్పటి డిస్కులు మీ బీరువాలో ఉంటే చల్లటి చోట నిలబెట్టి దాచండి.

ఓటీటీలో దొరుకుతుంది కదా అంటే, దొరికినంత కాలం హాయిగా చూడండి. ఒప్పందం అయిపోతే సీరియల్ మాయమవుతుంది, కథ సగంలో ఉన్నా సరే. మళ్లీ మళ్లీ చూసేవి మాత్రం చేతిలో డిస్కుగా ఉండాలని నా పట్టు. మన తెలుగు చానళ్ల పాత డైలీ సీరియళ్లయితే వీడియో టేపు మీద తీసినవే ఎక్కువ. వాటిని ఎవరైనా హెచ్‌డీ అని పేరు పెట్టి అమ్మితే అదనపు డబ్బు ఇవ్వకండి.

కొనేది అమెరికా నుంచి తెప్పిస్తుంటే రీజియన్, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో నడుస్తుందో చెప్పే గుర్తు, చూసుకోవాలి. డీవీడీలకు మనది రీజియన్ 5, అమెరికాది 1. బ్లూరేలకు మనది సి, అమెరికాది ఏ, బ్రిటన్‌ది బి. డబ్బా వెనక ఏ, బి, సి మూడూ ఉంటే ఇక్కడ కొన్న ప్లేయర్‌లో నడుస్తుంది. ఒక్క ఏ మాత్రమే ఉంటే నడవకపోవచ్చు. డిస్కులతో పాటు ప్లేయర్ కూడా అక్కణ్నుంచే తెమ్మంటే, దాని వెనక స్టిక్కర్ ఫొటో తీసి పంపమని అడగండి. 100–240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మారిస్తే సరిపోతుంది. 120 వోల్టులు మాత్రమే ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు పెట్టగానే కాలిపోతుంది, అలాంటిది వద్దనే చెప్పండి.