స్టెంట్ వేశాక ఆస్పిరిన్‌కు తోడుగా ఏ మాత్ర మేలు?

గుండె రక్తనాళంలో అమర్చిన స్టెంట్ మీద లోపలి పొర పూర్తిగా కమ్ముకునేదాకా రక్తం ఆ లోహపు జాలీని పరాయి వస్తువుగానే చూస్తుంది. ప్లేట్‌లెట్లు అక్కడ గుమిగూడి గడ్డకడితే గుండెపోటు వస్తుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్‌లలో ఏదో ఒకటి ఇస్తారు.

వీటిలో ఎక్కువ కాలంగా వాడుకలో ఉన్నది క్లోపిడోగ్రెల్. మింగిన మాత్ర నేరుగా పనిచేయదు. కాలేయంలోని సీవైపీ2సీ19 అనే ఎంజైము దాన్ని మార్చాలి. పుట్టుకతోనే ఈ ఎంజైము మందకొడిగా ఉన్నవారు రోజూ 75 మిల్లీగ్రాములు క్రమం తప్పక వేసుకున్నా ప్లేట్‌లెట్లు అంతగా లొంగవు. ఎసిడిటీకి వాడే ఒమెప్రజోల్ కూడా ఇదే ఎంజైముకు అడ్డుపడుతుంది కనుక ఈ రెండూ కలిపి వాడకపోవడమే మంచిది.

ప్రాసుగ్రెల్‌కు ఈ చిక్కు దాదాపు లేదు. 2007లో వెలువడిన ట్రైటన్ అధ్యయనంలో స్టెంట్‌లో గడ్డకట్టడం క్లోపిడోగ్రెల్ వాడినవారిలో 2.4 శాతం ఉండగా, ప్రాసుగ్రెల్ వాడినవారిలో 1.1 శాతమే ఉంది. అయితే తీవ్ర రక్తస్రావం 1.8 నుంచి 2.4 శాతానికి పెరిగింది. ఇంతకుముందు పక్షవాతం వచ్చినవారికి ఇది ఇవ్వకూడదు. 75 ఏళ్లు దాటినవారి విషయంలో, 60 కిలోల లోపు బరువున్నవారి విషయంలో ఆచితూచి వాడాలి.

టికాగ్రెలార్‌ను కాలేయం మార్చనక్కర్లేదు, కానీ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. రాత్రి మాత్ర మరిచిపోతే తెల్లారేసరికి రక్షణ సడలుతుంది. 2009 నాటి ప్లేటో అధ్యయనంలో ఇది వాడినవారిలో 13.8 శాతం మందికి ఆయాసం వచ్చింది, క్లోపిడోగ్రెల్ వాడినవారిలో అది 7.8 శాతం. ఊపిరితిత్తులు బాగానే ఉన్నా, కూర్చున్నచోటే ఊపిరి చాలనట్టు అనిపిస్తే గుండెకు మళ్లీ ఏదో అయిందని రోగి బెదిరిపోయి మాత్రే మానేస్తాడు. నా దృష్టిలో ఈ మందుతో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్‌లను ముఖాముఖి పోల్చిన ఐసార్-రియాక్ట్ 5 అధ్యయనంలో (2019) మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి ఏడాదిలో ప్రాసుగ్రెల్ వైపు 6.9 శాతం, టికాగ్రెలార్ వైపు 9.3 శాతం నమోదయ్యాయి. రక్తస్రావంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కనుక గుండెపోటుతో వచ్చి స్టెంట్ వేయించుకున్నవారికి, పైన చెప్పిన అడ్డంకులు లేకుంటే, నా మొగ్గు ప్రాసుగ్రెల్ వైపే. గుండెపోటు లేకుండా ముందే అనుకుని వేయించుకున్న స్టెంట్‌కూ, రక్తస్రావం ముప్పు ఎక్కువున్నవారికీ క్లోపిడోగ్రెల్ చాలు. గుండెపోటుతో వచ్చినవారికి సాధారణంగా 12 నెలలు, ముందే అనుకుని స్టెంట్ వేయించుకున్నవారికి 6 నెలలు రెండు మాత్రలూ కొనసాగిస్తారు. పన్ను తీయించుకోవడానికైనా సరే, మధ్యలో ఆపాలా వద్దా అన్నది గుండె వైద్యుడే తేల్చాలి.