కర్నూలు న్యూరాలజీ క్లినిక్: డాక్టరు బంగారం, టోకెను దండగ

పేరు రాయను గానీ, మాయమ్మను చూపించిన క్లినిక్ ఇది. పొద్దున తొమ్మిదికల్లా రమ్మంటారు, డాక్టరు వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి తొలి బస్సుకు దిగినవాళ్లు మెట్ల మీద కూర్చోవాల్సిందే. వచ్చేదే ఒంట్లో సత్తువ లేనివాళ్లు, నాలుగు కుర్చీలు ఎక్కువ వేస్తే ఏం పోయింది?

లోపలికెళ్లాక మాత్రం వంక పెట్టలేం. మా ఊళ్లో అందరూ "రక్తం తక్కువ, సెలైన్ ఎక్కించండి" అన్నవాళ్లే. ఈయన మందు రాయకముందే అడిగారు: "నీరసం పొద్దున ఎక్కువా, సాయంత్రమా? రొట్టె నమలగలుగుతున్నావా అమ్మా?" సరిగ్గా అదే బాధ. జొన్నరొట్టె సగం తినేసరికి అమ్మ దవడ అలిసిపోయి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నమిలేది. పొద్దున బాగానే ఉండేది, దీపాలు పెట్టే వేళకు ఎడమ రెప్ప వాలేది, ఒక ఆటో రెండుగా కనబడేది.

అమ్మను పైకే చూస్తూ ఉండమన్నారు. కాసేపటికే రెప్ప జారింది. గ్లవ్‌లో ఐసు ముక్కలు వేసి ఆ కంటి మీద రెండు నిమిషాలు ఉంచారు. తీయగానే రెప్ప లేచింది! మయస్థీనియా గ్రావిస్ అని అనుమానం చెప్పారు. నరం నుంచి కండరానికి సంకేతం అందే చోట రోగాలతో పోరాడాల్సిన మన ఒంట్లోని యాంటీబాడీలే అడ్డం పడతాయట. యాంటీబాడీల రక్తపరీక్ష, నరానికి వరసగా కరెంటిచ్చి చూసే పరీక్ష చేశాకే ఖాయం చేశారు. ఈ జబ్బుతో సంబంధం ఉండే థైమస్ అనే గ్రంథి రొమ్ము ఎముక వెనక ఉంటుందట, దాన్ని చూడ్డానికి ఛాతీ సీటీ స్కాన్ కూడా తీయించారు.

"నాకూ ఎప్పుడూ అలసటే సార్, నాదీ ఇదేనా?" అని మా అక్క మధ్యలో దూరింది. విసుక్కోలేదు ఆయన. అలసట వేరు, కండరం పట్టు తప్పడం వేరన్నారు. ముందు థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ చూపించుకోమన్నారు. ఆర్నెల్లకు పైగా ఉండి, పడుకున్నా తీరక, కాస్త పని చేస్తే మర్నాడు మంచం పట్టించే అలసటైతే అది మరో జబ్బు, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ కావచ్చని చెప్పారు.

పైరిడోస్టిగ్మిన్ మాత్రతో అమ్మ ఇప్పుడు రొట్టె తింటోంది, కడుపులో మెలిపెట్టడం మాత్రం ఉంది. ఇంకో ఫిర్యాదు: జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఈ జబ్బును ముదరబెట్టగలవు. వాటి జాబితా చీటీ కౌంటర్లో అడిగితే గానీ ఇవ్వలేదు. మీరూ అడిగి తీసుకోండి, జ్వరానికి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా చూపించాలి. ఊపిరి ఆడకపోయినా, నీళ్లు మింగుడుపడకపోయినా ఈ టోకెన్ల జోలికి పోకుండా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.