వెనిస్‌లో బస బుక్ చేసుకునేవారికి హెచ్చరిక: పిన్‌కోడ్ చూడకుండా డబ్బు కట్టకండి

గత అక్టోబరులో అమ్మానాన్నలను వెనిస్ తీసుకువెళ్లినప్పుడు బస విషయంలో మేము పడిన అవస్థ మరొకరు పడకూడదని ఇది రాస్తున్నాను. ప్రకటనలో ‘వెనెజియా (వెనిస్‌కు ఇటాలియన్ పేరు), ఊరి నడిబొడ్డుకు పది నిమిషాలు’ అని ఉండటం, ఫోటోల్లో కాలువ కనిపించడం, అద్దె కూడా అందుబాటులో ఉండటంతో మూడు రాత్రుల డబ్బు ముందే కట్టేశాను. చీకటి పడే వేళకు కాలువల మధ్యనున్న వెనిస్‌లోని సాంతా లూసియా స్టేషన్‌లో దిగి చిరునామా చూపిస్తే, అక్కడి ఉద్యోగి నా ఫోన్‌లో 30172 అన్న పిన్‌కోడ్ మీద వేలుపెట్టి, మేము వచ్చిన రైలు పట్టాలవైపు చెయ్యి చూపించారు. అది మేస్త్రే. ఉప్పునీటి సరస్సు మీద 1846లో వేసిన రైలు వంతెనకు అవతల, అంతకు పది నిమిషాల ముందు మా రైలు ఆగి వచ్చిన స్టేషను అదే. మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మ పెట్టె మీదే కూలబడిపోయింది.

మేస్త్రే, మార్గేరా ప్రధాన భూభాగం మీద ఉన్నా వెనిస్ నగరపాలక పరిధిలోవే కావడంతో ‘వెనెజియా’ అని రాయడం తప్పు కాదని యజమాని వాదించి, ఒక్క యూరో కూడా తిరిగి ఇవ్వలేదు. ఖర్చు తగ్గించుకోవాలని తెలిసి దిగేవారికి మేస్త్రే మంచి చోటే, రైళ్లకూ బస్సులకూ కొదవ లేదు. కానీ మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చవలసిన పెద్దవాళ్లను రోజుకు రెండుసార్లు వంతెన దాటించడం నరకం.

పిన్‌కోడ్ 30121 నుంచి 30125 లోపు గానీ, 30135 గానీ అయితే అది కాలువల మధ్యనున్న ఆరు పేటల్లోనిది. అక్కడా తొందరపడకండి. కార్లు, ఆటోలు లేని ఆ ఊళ్లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, చాలావాటికి మెట్లే. ఇంటి నంబర్లు వీధి వారీగా కాక పేట వారీగా ఉంటాయి కనుక ‘కస్తెల్లో’ వంటి పేట పేరూ నాలుగంకెలూ చూసి ఇల్లు ఎక్కడుందో పోల్చుకోలేము. స్టేషను నుంచి ఎన్ని వంతెనలు ఎక్కాలో, దగ్గరి పడవ రేవు ఏదో యజమాని చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే కన్నరేజో పేటలో, స్టేషను నుంచి గూల్యె వంతెన దాకా ఉన్న లిస్తా ది స్పాన్యా వీధిలో చూడండి. అంతవరకు ఒక్క వంతెన కూడా ఎక్కనక్కరలేదు.

ఇప్పటికే బుక్ చేసుకున్నవారు ఉచిత రద్దు గడువు దాటకముందే, ఈ రోజే, చిరునామా తెరిచి ఆ అయిదు అంకెలు సరిచూసుకోండి.