యంగ్ లైవ్స్ డేటాతో ఆరేళ్లు: 28 ఏళ్లు చదివిన తల్లులు

పీహెచ్‌డీలో చేరిన ఏడాదే యంగ్ లైవ్స్ డేటా దించుకున్నాను. ఆరేళ్లయింది. ఇప్పటికీ వారంలో నాలుగు రోజులు నా స్క్రీన్ మీద అదే ఉంటుంది. మన పల్లెల గురించి, మన పిల్లల గురించి ఇంత లోతైన లెక్క ఉచితంగా దొరుకుతున్నా మన యూనివర్సిటీల్లో చాలామందికి దీని పేరే తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే సర్వే ఇది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన దేశం కలిపి 12 వేల మంది పిల్లలు. మన దేశం అంటే ఇక్కడ ఉమ్మడి ఆంధ్రప్రదేశే: 2001-02లో పుట్టినవాళ్లు సుమారు 2,000 మంది, 1994-95లో పుట్టినవాళ్లు సుమారు 1,000 మంది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, మహబూబ్‌నగర్, కరీంనగర్, హైదరాబాద్ జిల్లాల పిల్లలు. 2002లో మొదలుపెట్టి 2016 దాకా అయిదు రౌండ్లు అవే కుటుంబాలను కలిశారు. కోవిడ్ రోజుల్లో ఫోన్ చేసి అడిగారు. 2023-24లో మళ్లీ నేరుగా వెళ్లారు. పరిశోధన డేటా దాచి ఇచ్చే బ్రిటన్ సంస్థ యూకే డేటా సర్వీస్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు, ఫైళ్లు దించుకోవచ్చు.

నాకు బాగా ఉపయోగపడింది రెండు వయసుల పిల్లలు ఉండటం. పెద్ద బ్యాచ్‌కు 2002లో ఎనిమిదేళ్లు, చిన్న బ్యాచ్‌కు 2009లో ఎనిమిదేళ్లు. అవే ఊళ్లు, అదే వయసు, మధ్యలో ఏడేళ్ల తేడా. మన బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది 2003 జనవరిలో, అంటే సరిగ్గా ఆ మధ్యలో. పసితనంలో కరువు చూసిన పిల్లల ఎదుగుదలలో పడ్డ లోటును బడి భోజనం పూడ్చిందని ఆర్థికవేత్తలు అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ చూపించింది చిన్న బ్యాచ్ పిల్లల ఎత్తు, బరువు కొలతలతోనే. ఒక్కసారి వెళ్లి వచ్చేసే సర్వేతో ఆ సంగతి ఎప్పటికీ తేలేది కాదు.

కొత్తవాళ్లు అయిదు రౌండ్లనూ ముందే కలిపి తయారుచేసిన ఫైల్‌తో మొదలుపెట్టండి. పిల్లవాడి గుర్తింపు సంఖ్య అన్ని రౌండ్లలో ఒకటే కాబట్టి ఒక్కో రౌండ్ విడి ఫైళ్లు కూడా తర్వాత తేలిగ్గా కలుస్తాయి. ఆ తయారీ ఫైల్ నాకు నెలల పని తగ్గించింది. నా పెద్ద తప్పు జరిగింది కూడా అందులోనే.

మొదటి ఏడాది తల్లుల చదువు సగటు తీశాను. అనుకున్నదానికంటే ఎక్కువొచ్చింది. సంతోషపడి ఒక అధ్యాయం సగం రాసేశాను. ల్యాబ్‌లో మా సీనియర్ అక్క టేబుల్ చూసి, "28 ఏళ్లు చదివిన తల్లులు ఎవరే వీళ్లు? డాక్టర్లా?" అంది. అప్పుడు ఏ అంకెకు ఏ అర్థమో చెప్పే కోడ్ పుస్తకం తెరిచాను. 28 అంటే సంవత్సరాలు కాదు, వయోజన విద్య. రాత్రిబడికి వెళ్లి సంతకం నేర్చుకున్న అమ్మలను నేను అందరికంటే పెద్ద చదువుల వాళ్లను చేసేశాను. మా అమ్మమ్మ అలాంటి బడికే వెళ్లింది. పలక మీద తన పేరు దిద్దుకున్న మనిషి ఆవిడ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విడి ఫైళ్లలో 77, 88, 99 దగ్గరా అంతే జాగ్రత్త కావాలి. తెలియదని చెప్పినా, ప్రశ్న వర్తించకపోయినా, జవాబు లేకపోయినా అక్కడ అంకెలే కనిపిస్తాయి.

పిల్లల రోజును ఎనిమిది ముక్కలు చేసి అడిగిన ప్రశ్న నాకు చాలా ఇష్టం. నిద్ర, ఇంట్లో వాళ్లను చూసుకోవడం, ఇంటి పని, సొంత పొలం పని, కూలి, బడి, ఇంట్లో చదువు, ఆట. అన్నీ కలిపితే 24 గంటలు. అయితే ఇంటర్వ్యూ తేదీ చూడకుండా వీటిని వాడొద్దు. మా పాలమూరు వైపు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ (విత్తనం కోసం పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) జరిగే రోజుల్లో ఆడపిల్ల గంటలు ఒకలా ఉంటాయి, చేను ఖాళీ అయ్యాక మరోలా ఉంటాయి.

పరిమితులు ఉన్నాయి. ఊళ్లను కావాలనే ఎంచుకున్నారు, పేద ప్రాంతాల వైపు మొగ్గు ఉంది. కాబట్టి రాష్ట్రంలో పేదరికం ఎంత శాతం అన్న ప్రశ్నకు ఈ డేటా పనికిరాదు. ఒక ఇంటి పరిస్థితి ఎలా మారింది, ఎందుకు మారింది అన్నదానికి పనికొస్తుంది. ఊరి పేర్లు ఇవ్వరు. వర్షపాతం లెక్కలు కలపాలనుకునేవాళ్లకు ఇది ఇబ్బందే. అయినా ఆ గోప్యత ఉండాల్సిందే, ఆ కుటుంబాలు నమ్మి మాట్లాడాయి. రాష్ట్రం విడిపోయింది కదా, పాత రౌండ్లు ఎలా అని చాలామంది అడుగుతారు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ అని ప్రాంతం కోడ్ మొదటి నుంచీ ఉంది, టెన్షన్ అక్కర్లేదు.

ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఈ డేటా అడిగితే ముందు ఫైల్ ఇవ్వను. 2002 క్వశ్చనేర్ ప్రింట్ తీసిచ్చి, మీ ఇంటి జవాబులు పెన్నుతో నింపి తీసుకురమ్మంటాను. అరగంట పని అనుకుని కూర్చుంటారు. భూమి, అప్పుల ప్రశ్నల దగ్గరికి రాగానే ఇంటికి ఫోన్ చేస్తారు.